రోగం ఇద్దరిది, చీటీ ఒకరిది

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా నడిచేవాళ్లకు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల కింద మరో వ్యాపారం ఆనవాళ్లు కనిపిస్తాయి. కరెంటు స్తంభాల మీద, మూత్రశాలల గోడల మీద ‘గుప్తరోగాలకు’ వైద్యం చేస్తామనే చిన్న కాగితాలవి. ఒకటి చిరిగితే దాని మీదే మరొకటి అంటుకుంటుంది. మందు మారుతుంది, ఫోన్ నంబర్ మారుతుంది, రహస్యంగా నయం చేస్తామన్న హామీ మాత్రం మారదు. ఎవరికి తెలియకుండా? పెళ్లికాని కుర్రాడికైతే అమ్మానాన్నలకు. పెళ్లయినవాడి విషయంలో ఆ హామీ దాచేది ఒక్క మనిషి నుంచే: ఇంట్లో ఉన్న భార్య నుంచి.

సుఖవ్యాధి దంపతుల్లో ఒకరికి సోకిందని తేలినప్పుడు వైద్యుడు ఎవరికి జవాబుదారీ? ఎదురుగా కూర్చున్నవాడికేనా, ఇంట్లో ఉన్న రెండో మనిషికి కూడానా? ఆ రెండో మనిషికి చెప్పి మందివ్వాలా, చెప్పకుండా ఇవ్వాలా, అసలు ఊరుకోవాలా? 16వ శతాబ్దం నుంచీ యూరప్‌లోనూ దక్కన్‌లోనూ వైద్యులు దీనికి తలో దారి వెతికారు. గత నలభై, యాభై ఏళ్లలో చరిత్రకారులు ఆ దారులన్నీ తవ్వితీసి ఒకదానికొకటి పొసగని తీర్పులిచ్చారు. హెచ్ఐవీ వచ్చాక కోర్టులూ చట్టసభలూ ఇందులో దిగాయి. దాంతో ఎవరు ఏ కాలం గురించి, ఏ జబ్బు గురించి మాట్లాడుతున్నారన్నది కలగాపులగమైంది. ఆ చిక్కు విడదీయడానికే ఈ సమీక్ష. ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఈ అయిదు వందల ఏళ్లలో మందులు చాలాసార్లు మారాయి. డబ్బు కట్టేవాడే రోగి అన్న ఏర్పాటు మాత్రం చాలాకాలం చెక్కుచెదరలేదు. భార్యలకు నిజంగా ఏం తెలుసన్న ప్రశ్న కూడా ఆ ఏర్పాటు మిగిల్చిన కాగితాల్లోనే ఇరుక్కుపోయింది.

ఫిరంగి వచ్చిన దారి

1495లో నేపుల్స్ మీదికి వెళ్లిన ఫ్రెంచి సేనల్లో సిఫిలిస్ విరుచుకుపడింది. ఇటలీవాళ్లు దాన్ని ఫ్రెంచి జబ్బన్నారు, ఫ్రెంచివాళ్లు నేపుల్స్ జబ్బన్నారు. 1498లో వాస్కో ద గామా కాలికట్‌లో దిగాక మన దేశంలోనూ కనిపించిన రోగానికి మనవాళ్లు ఫిరంగుల, అంటే యూరప్‌వాళ్ల, పేరే పెట్టారు. పుట్టుక అమెరికా ఖండాల్లోనా, పాత ప్రపంచంలోనా అన్న తగాదా ఇంకా పూర్తిగా చల్లారలేదు. 2024 చివర్లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ప్రాచీన జన్యుపదార్థ అధ్యయనం అమెరికా వైపే మొగ్గింది. దంపతుల ప్రశ్నకు ఆ తగాదాతో పెద్దగా పనిలేదు.

మనకు పనికొచ్చేవాడు 16వ శతాబ్దపు భావమిశ్రుడు. ఆయన ‘భావప్రకాశం’ ఫిరంగ రోగాన్ని విడిగా వర్ణించింది. పైకి కనిపించేది, లోపల దాగినది, రెండూ కలిసినది అని మూడు రకాలుగా విభజించింది. ముక్కుదూలం కూలిపోవడం, ఎముకలు శుష్కించి వంకరపోవడం, ఒళ్లు చిక్కిపోవడం ముదిరిన లక్షణాలుగా చెప్పింది. కారణం ఫిరంగుల దేహస్పర్శ, ఫిరంగి స్త్రీలతో సంగమం. ఆ కారణాల్లో ఇల్లాలి ఊసు లేదు. పథ్యంలో మాత్రం స్త్రీసాంగత్యం మానాలని ఉంది. అంటే గ్రంథం ఎదుట కూర్చున్న రోగి మగవాడే.

సుశ్రుతంలోని ఉపదంశమే సిఫిలిస్ అనీ, కాబట్టి ఇది మనకు కొత్త జబ్బు కాదనీ వాదించినవాళ్లున్నారు. భారతదేశంలో సుఖవ్యాధుల ప్రాచీనత మీద 1936లోనే పెద్ద వ్యాసం రాసిన తెలుగు వైద్యచరిత్రకారుడు డి.వి. సుబ్బారెడ్డి పేరు ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. ఉపదంశం, ఫిరంగం ఒకటేనా వేర్వేరా అన్నది తేలకపోతే పాత యోగాల్లో ఏది ఏ రోగానికి ఇచ్చారో చెప్పలేం.

దక్కన్ సుల్తానుల రాజ్యాల్లో యునానీ హకీములు ఇదే రోగాన్ని ఆతిషక్ అన్నారు, సెగరోగాన్ని, అంటే గనోరియాను, సూజాక్ అన్నారు. ఇరాన్‌లో ఇమాదుద్దీన్ మహమూద్ షీరాజీ 1569లో ఆతిషక్ మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. ఇరాన్ నుంచి వైద్యులు, కవులు, వర్తకులు గోల్కొండకు వచ్చిపోతున్న కాలమది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో హైదరాబాద్‌లో దారుషిఫా ఆసుపత్రి కట్టించేనాటికి చోబ్‌చీనీ, అంటే చైనా నుంచి గోవా మీదుగా వచ్చిన పరంగిచెక్క, హకీములకూ వైద్యులకూ తెలిసిన సరుకే. పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్టా 1563లో గోవాలో అచ్చువేసిన పుస్తకంలో ఈ చెక్క గురించి రాశాడు. రోగమూ మందూ ఒకే ఓడల్లో వచ్చాయనడం అతిశయోక్తి కాదు.

దాగని మందు, దాచే మందు

ఆనాటి ప్రధాన ఔషధం పాదరసం. యూరప్‌లో దాన్ని లేపనంగా ఒంటికి రుద్ది, వేడిగదిలో ఉంచి, వారాల తరబడి చొంగ కార్పించేవారు. ఎంత లాలాజలం పోతే అంత విషం పోయినట్టు లెక్క. చిగుళ్లు వాచేవి, పళ్లు కదిలేవి, నోరు కంపు కొట్టేది. ఇంత తతంగం భార్య కంట పడకుండా జరగడం కల్ల. కాబట్టి ఈ రోగానికి మందు దొరకడం కన్నా, మందు తీసుకుంటున్న సంగతి దాచడమే గగనమైంది. రహస్య వైద్యపు సంత పుట్టింది అక్కడే.

లండన్ వీధుల్లో పంచిన కరపత్రాలను పరిశీలించిన చరిత్రకారుడు కెవిన్ సియెనా ఈ సంగతినే బయటపెట్టాడు. పనికి అడ్డం రాకుండా, పక్కన పడుకునే మనిషికి కూడా తెలియకుండా నయం చేస్తామని ఆ కరపత్రాలు ఊరించేవి. కొన్నిటిలో ఆడవాళ్లను చూడటానికి ఆడమనిషి ఉందన్న కబురు కూడా ఉండేది. అంటే తమంతట తాము వైద్యం వెతుక్కున్న స్త్రీలు ఉన్నారన్నమాట. ఈ వివరం తర్వాతి వాదనల్లో కీలకం కాబోతోంది.

ఈ సంతకు పరాకాష్ఠ 1775 నాటి పారిస్ చాక్లెట్. లెఫెబ్యూర్ ద సెయింటిల్డెఫాన్ అనే వైద్యుడు పాదరసం కలిపిన చాక్లెట్‌ను అమ్మకానికి పెట్టాడు. భర్త దాన్ని భార్య ఎదుటే తాగవచ్చు, ఆమెకు అనుమానం రాదు. ఆమె కూడా తాగవచ్చు, తాను తాగేది సిఫిలిస్ మందని ఆమెకు తెలియదు. కాపురంలో శాంతి నిలుస్తుంది. ఇదీ ఆయన చెప్పుకున్న గొప్ప. ఇందులో వైద్యం ఎంత పనిచేసిందో గాని, ఆలోచన మాత్రం నిక్కచ్చిగా ఉంది: ఇద్దరికీ మందు, ఒకరికే సమాచారం.

భావప్రకాశపు యోగం మరో దారి తొక్కింది. పాదరసపు మందైన రసకర్పూరాన్ని గోధుమపిండి ఉండలో పొదిగి, పైన లవంగాల పొడి అద్ది, పళ్లకు తగలకుండా నీళ్లతో మింగాలి. వెంటనే తాంబూలం వేసుకోవాలి. ఉప్పు, పులుపు, ఎండ, శ్రమ మానాలి. పళ్లకు తగలకూడదన్న నియమం నోరు వాయకుండా ఉండటానికే. అయితే తాంబూలపు ఎరుపు చిగుళ్ల రంగును కూడా కప్పి ఉంటుందని అనిపించకమానదు. ఇది నా ఊహ, గ్రంథం చెప్పింది కాదు.

ఘోషా ఉన్న ఇళ్లలో కథ వేరు. బెర్నియే, మనూచీ లాంటి విదేశీ వైద్యులు మొఘల్ అంతఃపురాల గురించి రాసిన దాన్నిబట్టి, వైద్యుడి తలమీద శాలువా కప్పి లోపలికి నడిపించేవారు. రోగి చేయి మాత్రం తెర వెనక నుంచి బయటికొచ్చేది. నాడి పట్టుకుని జననేంద్రియాల పుండు కనుక్కోవడం ఎవరి తరం? ఆ పని మంత్రసానిది, దాయిది. వాళ్లు చూసిందీ చేసిందీ ఏ గ్రంథానికీ ఎక్కలేదు.

తెల్లబట్ట చాటున

వైద్యుడు భార్యకు అబద్ధం చెప్పాడని తేల్చేముందు, అతనికి నిజం ఎంత తెలుసో చూడాలి. సిఫిలిస్ తొలి పుండు మందు వేసినా వేయకున్నా కొన్ని వారాల్లో మానిపోతుంది. తర్వాత వచ్చే దద్దుర్లూ పోతాయి. ఆపైన రోగం ఏళ్ల తరబడి నిద్రపోతుంది. పాదరసం వాడిన ప్రతి వైద్యుడికీ నయమైనట్టే కనిపించేది, అతను మనస్ఫూర్తిగానే ఇక కాపురం చేసుకోవచ్చని చెప్పి ఉండవచ్చు. సెగరోగం ఇంకా మాయదారిది. మగవాడికి మంట, చీము. ఆడవాళ్లలో చాలామందికి అసలు ఏమీ తెలియదు, తెలిస్తే కాస్త తెల్లబట్ట. అది నీరసానికో వేడికో అంటగట్టడం తేలిక. ఈ రెండు రోగాలూ ఒకే విషమని జాన్ హంటర్ 1786లో తన గ్రంథంలో రాశాడు. అవి వేరని ఫిలిప్ రికార్ 1838లో రుజువు చేసేదాకా ఆ పొరపాటు నడిచింది.

అన్నిటికన్నా విచిత్రమైనది 1837 నాటి కోలిస్ సూత్రం. డబ్లిన్ సర్జన్ ఏబ్రహాం కోలిస్ ఒకటి గమనించాడు. పుట్టుకతో సిఫిలిస్ ఉన్న పసికందుకు పాలిచ్చిన దాదికి రొమ్ముమీద పుండు పడుతుంది. సొంత తల్లి పాలిస్తే ఆమెకు ఏమీ కాదు. కాబట్టి తల్లికి రోగం అంటదని వైద్యలోకం నమ్మింది. 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చాక గుట్టు వీడింది: ఆ తల్లులకు రోగం అప్పటికే ఉంది. పైకి కనిపించలేదు, అంతే. అంటే దాదాపు డెబ్బై ఏళ్ల పాటు వైద్యశాస్త్రం రోగిష్టి భార్యను ఆరోగ్యవంతురాలిగా ధ్రువీకరించింది. ఇందులో కుట్ర లేదు, కుట్ర చేయాల్సిన అవసరమే లేకపోయింది.

1872లో ఎమిల్ నోగెరాట్ అనే వైద్యుడు మరో బాంబు పేల్చాడు. నయమైందనుకున్న భర్తల నుంచి భార్యలకు సెగరోగం చాటుగా సోకుతోందనీ, పిల్లలు పుట్టకపోవడానికి అదో పెద్ద కారణమనీ రాశాడు. తోటి వైద్యులు వెక్కిరించారు. సెగరోగపు క్రిమి గోనోకాకస్‌ను నైసర్ కనిపెట్టింది ఆ తర్వాత, 1879లో. మన పల్లెల్లో ఎంతమందికి ‘గొడ్రాలు’ అన్న ముద్ర పడి, ఎంతమంది సవతిని భరించారో లెక్కలు లేవు. ఆ లెక్కలో భర్త రోగం వాటా ఎంతన్నది ఎవరూ అడిగి ఉండరు.

నాలుగు వాదాలు

ఈ సామగ్రినే చదివి చరిత్రకారులు నాలుగు గుంపులుగా చీలారు.

మొదటి గుంపుది కుట్ర వాదం. 1980లో విక్టోరియా కాలపు వేశ్యావృత్తి మీద వచ్చిన జూడిత్ వాకొవిట్జ్ పుస్తకంతో బలపడిన స్త్రీవాద చరిత్రకు ఇది దగ్గర. రోగానికి మూలం ఆడదేనని వైద్యం నమ్మబలికింది, భర్త పరువు కాపాడటమే వైద్యుడి ధర్మమైంది, భార్య అజ్ఞానం మీదే కాపురం నిలబెట్టారని ఈ వాదం. పారిస్ చాక్లెట్ వీళ్ల చేతిలో బ్రహ్మాస్త్రం. 1880లో ఆల్ఫ్రెడ్ ఫూర్నియే సిఫిలిస్, వివాహాల మీద రాసిన గ్రంథాన్నీ వీళ్లు చూపుతారు. పెళ్లికి ముందు కనీసం మూడు నాలుగేళ్లు వైద్యం తీసుకోవాలని వరుడికి గట్టిగా చెప్పిన ఆ పెద్దమనిషి, పిల్ల తండ్రి వచ్చి అడిగితే మాత్రం వైద్యుడు నోరు విప్పరాదన్నాడు.

రెండోది బేరం వాదం. భార్యలకు తెలుసు, తెలిసే నెగ్గుకొచ్చారు అంటారు వీళ్లు. సియెనా చూపిన ఆడవైద్యులు, స్పెయిన్‌లోని టొలీడో ఆసుపత్రి దస్త్రాలు చదివిన క్రిస్టియన్ బెర్కో పరిశోధన వీళ్లకు ఆధారం. రోగం తెలిసినా కాపురాలు సాగాయి, చుట్టుపక్కలవాళ్లు వెలివేయలేదు. ఇంగ్లండ్ చర్చి కోర్టుల్లో రోగం అంటించడాన్ని క్రూరత్వంగా చూపి విడిగా ఉండటానికి అనుమతి కోరిన భార్యలూ ఉన్నారు. 1857 విడాకుల చట్టం కింద భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు, భార్య మరో తప్పు కూడా చూపాలి. రోగం అంటించడం అలాంటి తప్పుగా పనికొచ్చింది.

మూడోది అయోమయ వాదం. ఆనాటి ‘పాక్స్’ను నేటి సిఫిలిస్‌తో సమానం చేయకండి, ఏ రోగమో తెలియనప్పుడు ఎవరు ఎవరిని మోసం చేశారని తేలుస్తారు అని అరిజబలాగా, హెండర్సన్, ఫ్రెంచ్ 1997లో రాసిన ‘ద గ్రేట్ పాక్స్’ హెచ్చరించింది. నాలుగోది లెక్కల వాదం. సైమన్ స్రెటర్, సియెనా కలిసి 2020లో వేసిన అంచనా ప్రకారం 1770ల లండన్‌లో 35 ఏళ్లు నిండేలోగా కనీసం అయిదుగురిలో ఒకరికి సిఫిలిస్ సోకింది. చెస్టర్ పట్నంలో అది సుమారు 8 శాతమే. అయిదుగురిలో ఒకరికి వచ్చే జబ్బు గురించి ఆ ఊరి ఆడవాళ్లకు తెలియదంటే నమ్మడం కష్టం.

పోల్చి చూస్తే కుట్ర వాదులు వైద్యుల రాతలు చదివారు, బేరం వాదులు కోర్టు, ఆసుపత్రి కాగితాలు చదివారు. వైద్యుడి పుస్తకంలో భార్య మూగది, కోర్టు కాగితంలో ఆమె నోరున్నది. రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే కోర్టు మెట్లెక్కగలిగినది ఎక్కువగా కాస్తో కూస్తో అండ ఉన్న భార్యే. నాకు బేరం వాదం బలంగా కనిపిస్తుంది గాని, దాన్ని గోల్కొండకో నిజాం హైదరాబాద్‌కో యథాతథంగా తెచ్చి అతికించడం కుదరదు. చర్చి కోర్టులాంటి కాగితాల గుట్ట మనకు లేదు.

సికింద్రాబాద్ లెక్కల్లో లేని ఇల్లాలు

మనకున్నది కంటోన్మెంట్ లెక్క. 1864 కంటోన్మెంట్ల చట్టం, 1868 అంటురోగాల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీ దండు ఉన్న చోటల్లా లాక్ ఆసుపత్రులు నడిచాయి. సికింద్రాబాద్‌లోనూ ఉండేది. వేశ్యల పేర్లు నమోదు చేయడం, పరీక్షించడం, రోగం ఉంటే ఆసుపత్రిలో నిర్బంధించడం వాటి పని. సైనికుడు, వేశ్య, వీళ్లిద్దరే ఈ లెక్కలో మనుషులు. ఫిలిప్పా లెవిన్ 2003 నాటి పుస్తకం చూపినట్టు, సామ్రాజ్యం కాపాడదలచింది సైన్యం సత్తాను. సైనికుడి భార్య ఏమైందన్నది ఏ గడిలోనూ లేదు. ఇంగ్లండ్‌లో ఇలాంటి చట్టాల మీద జోసెఫిన్ బట్లర్ పోరాడింది. 1888లో ఇక్కడి చట్టం రద్దయింది. భార్య మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం ఆ లెక్కలోకి రాలేదు.

సిఫిలిస్ వైద్యంలోకి 1910లో సాల్వర్సాన్, 1943లో పెన్సిలిన్ వచ్చాయి. సిఫిలిస్‌ను నిజంగా నయం చేసే మందు దొరికాక, ఒకరికి మాత్రమే వైద్యం చేస్తే రోగం మళ్లీ ఇంట్లోంచే తిరిగొస్తుందని స్పష్టమైంది. దంపతులిద్దరినీ కలిపి చూడాలన్న సూత్రానికి నీతికన్నా ఈ లెక్కే ఎక్కువ బలమిచ్చింది.

చట్టం ఎక్కడిదాకా

1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం తీవ్రమైన సుఖవ్యాధి ఉన్న భర్త నుంచి విడిపోయే హక్కు భార్యకిచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం అంటుకునే దశలోని సుఖవ్యాధిని విడాకులకు కారణంగా పెట్టింది, మొదట్లో మూడేళ్లుగా ఉండాలన్న షరతుతో. 1976 సవరణ ఆ షరతు తీసేసింది. కుష్ఠును 2019లో విడాకుల కారణాల్లోంచి తొలగించారు, సుఖవ్యాధి ఇంకా ఉంది. వారంలో నయమయ్యే జబ్బు విడాకుల కారణంగా మిగలడం వింతే.

గోప్యత ప్రశ్నను సుప్రీంకోర్టు 1998లో ‘మిస్టర్ ఎక్స్’ కేసులో ఎదుర్కొంది. కాబోయే భార్యకు హెచ్ఐవీ ముప్పు ఉన్నప్పుడు గోప్యత పెద్దగా నిలవదంది. ఆ తీర్పు పెళ్లి హక్కు మీద చేసిన వ్యాఖ్యలను 2002లో పక్కన పెట్టారు. 2006 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికి ముందు హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి చేయాలన్న ఆలోచన గట్టిగా నడిచింది, చట్టం కాలేదు. చివరికి 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం 9వ సెక్షన్ ఒక మధ్యేమార్గం పట్టింది. రోగికి కౌన్సెలింగ్ ఇచ్చి, తనంతట తాను చెప్పడని తేలి, చెప్పబోతున్నామని ముందే అతనికి తెలిపాక వైద్యుడు భాగస్వామికి చెప్పవచ్చు. రోగి ఆడది అయి, చెబితే తన్నులు తినే, ఇంట్లోంచి గెంటించుకునే భయం ఉంటే చెప్పకూడదు.

ఆ మినహాయింపు వెనక తెలుగు నేల అనుభవం లాంటిదే ఉంది. 2002 నుంచి గర్భిణులకు హెచ్ఐవీ పరీక్షలు విస్తరించాక పాత క్రమం తలకిందులైంది. మొదట తెలిసేది భార్యకే. రోగం భర్త నుంచే వచ్చినా, చీటీ మీద తొలి పేరు ఆమెది కావడంతో అత్తింట్లో నింద ఆమె మీదికే వచ్చింది. పాత కాలంలో తెలియకపోవడం ఆమెకు చేటు చేస్తే, ఇప్పుడు ముందుగా తెలియడమే చేటయింది. ‘చెప్పాల్సిందే’ అనేవాళ్లు ఎవరికి చెప్పడమో చెప్పాలి.

సిఫిలిస్, గనోరియా విషయంలో 9వ సెక్షన్ లాంటిది ఏమీ లేదు. 2002 నాటి వైద్యుల నడవడి నియమాలు ఒక నిర్దిష్ట వ్యక్తికి తీవ్రమైన ముప్పుంటే గోప్యత సడలించవచ్చంటాయి, అంతే. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో రంగుపెట్టెలున్నాయి. మూత్రనాళంలో చీము వస్తే బూడిదరంగు పెట్టె: అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. భార్యకూ అదే ఇవ్వాలి, తీసుకురమ్మని చెబుతారు. అమీర్‌పేట, పంజాగుట్టల్లోని ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఇద్దరూ రక్తమిచ్చినా, రిపోర్టు వాట్సాప్‌లో వెళ్లేది రిజిస్ట్రేషన్ ఫారంలో రాసిన నంబరుకే. అది ఎవరి నంబరన్నదాన్ని బట్టి గోప్యత ఎటు పారుతుందో తేలుతుంది.

తేలనివి

భాగస్వామిని చూడకుండానే ఆమె మందు రోగి చేతికే ఇచ్చి పంపడాన్ని అమెరికా వైద్య అధికారులు 2006 నుంచి కొన్ని రోగాలకు సిఫారసు చేస్తున్నారు. వైద్యపరంగా ఇది పనిచేస్తుంది. చేతులు మారే తీరు చూస్తే పారిస్ చాక్లెట్‌కూ దీనికీ తేడా ఒక్కటే: ఆమెకు చెప్పాలన్న షరతు. ఇంటికెళ్లాక ఆ షరతు నిలుస్తుందా అన్నది ఏ వైద్యుడూ చూడలేడు. మన దగ్గర దీన్ని అనుమతించాలా వద్దా అన్న చర్చ ఇంకా సరిగ్గా మొదలే కాలేదు.

చరిత్ర వైపు తేలనిది మరొకటి ఉంది. భావప్రకాశంలో, యునానీ గ్రంథాల్లో భార్య కనిపించలేదని అందరూ ఫిరంగం, ఆతిషక్ ప్రకరణాలే చదివి చెబుతున్నారు. ఆమె అక్కడ దొరకదు. తెల్లబట్ట యోగాల్లో, కడుపు నిలవకపోవడానికి ఇచ్చిన కషాయాల్లో, చచ్చిపుట్టే బిడ్డల ప్రకరణాల్లో వెతకాలి. తెలుగు వైద్యులు తరతరాలుగా వాడిన బసవరాజీయంలోనూ, సాలార్‌జంగ్ మ్యూజియంలోని పారశీక వైద్య రాతప్రతుల్లోనూ ఆ ప్రకరణాలను ఈ ప్రశ్నతో చదివి చూడాలి. అక్కడ ఆడవాళ్లకిచ్చిన మందుల్లో పరంగిచెక్క గాని రసకర్పూరం గాని తగిలితే, రోగం పేరు రాయకుండా భార్యకు మందిచ్చిన వైద్యుడు మన దగ్గరా ఉన్నాడని ఒక ఆధారం దొరుకుతుంది. తగలకపోతే కుట్ర వాదానికీ బేరం వాదానికీ కూడా దక్కన్‌లో చోటు తగ్గుతుంది, ఆమెకు అసలు వైద్యమే అందలేదన్న మూడో మాటను తీసుకోవాల్సి వస్తుంది.